గేటుకు కట్టిన వేపమండ

దగ్గు తగ్గి నెల దాటింది. ఒళ్లు ఇంకా మునుపటిలా లేదుగానీ, నాలుగు మెట్లెక్కితే ఆయాసం రావడం మానేసింది. ఇప్పుడైనా కూర్చుని ఇది రాయకపోతే, రేపు జరిగినదాన్ని నాకు అనుకూలంగా మార్చేసుకుంటానేమోనని భయంగా ఉంది. ఈ చలికాలంలో నేను చేసినవాటిలో ఏది మంచో ఏది చెడో నాకు ఇప్పటికీ తేలలేదు. జలుబే కదా అని తీసిపారేసేవాళ్లకు ఇది పనికొస్తే సంతోషం. జబ్బున్నచోట మనుషుల్ని దూరం పెడితే చాలు, గండం గడిచినట్టే అనుకునేవాళ్లకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. నేనూ అలా అనుకున్నదాన్నే.

ఈ దేశంలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఇండియన్లూ అందరూ మొదటిసారి ఒకే వరసలో నిలబడి ఓటేసి, కొత్త ప్రభుత్వం తెచ్చుకున్న మరుసటి ఏడాది మేం డర్బన్ వచ్చాం. మా ఆయన మురళికి మొబేనిలో ఒక రంగుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఇల్లు మెరీబ్యాంక్‌లో, అచ్చమ్మ అవ్వ పెరట్లోని రెండు గదులు. అవ్వకి డెబ్భై దాటాయి. ఆవిడ తాత చెరకు నరకడానికి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఆనాటి తెలుగు ఆ రోడ్డు మొత్తం మీద అవ్వ నోట్లోనే చెక్కుచెదరకుండా మిగిలింది. కూతురు సావిత్రి బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, ఇంగ్లీషే మాట్లాడుతుంది, తెలుగు ముక్కలు ముక్కలుగా వస్తుంది. అవ్వకి ఉబ్బసం. చుట్టూ నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీల పొగ ఉంటే రాక చస్తుందా. నోట్లో పెట్టుకుని పీల్చే మందుని ఇక్కడ పంపు అంటారు. ఈ వీధిలో సగం మంది పిల్లల బడిసంచుల్లో పుస్తకాలతో పాటు అదీ ఉంటుంది.

ఇక్కడ జూన్ అంటే చలి. ఆ నెల మొదట్లో మురళి వాళ్ల ఫ్యాక్టరీలో సగం మంది పడకేశారు, మిగిలిన సగం దగ్గుతూనే పనిలోకి వచ్చారు. ఆయన జ్వరం తెచ్చుకుని, మూడు రోజుల్లో లేచి తిరిగాడు, దాన్ని జాగ్రత్తగా నాకు అప్పజెప్పి. నాకు మూడు రోజుల్లో పోలేదు. ఎముకలు పిండేసినట్టు ఉండేది. తల దువ్వుకోబోతే వెంట్రుకలకి కూడా నొప్పి పుట్టింది. కిటికీ తెర తీస్తే ఏడుపొచ్చేది.

అవ్వ రోజూ రెండు పూటలా మిరియాల చారు పట్టుకొచ్చేది. "లెగు తల్లీ, ఏడిగా ఉన్నప్పుడే తాగీ" అని మంచం మీదే కూర్చునేది. జ్వరం చూడాలంటే చెయ్యి పెట్టడం కాదు, తన చెంప తెచ్చి నా నుదుటికి ఆనించేది. ఒకరోజు అమ్మ గుర్తొచ్చి ఏడ్చాను. అవ్వ తన చీరకొంగుతో నా కళ్లూ ముక్కూ తుడిచింది, తుడిచి అదే కొంగుతో తన మొహం తుడుచుకుంది. నేను వద్దనలేదు. వద్దనాలని తోచనేలేదు. చదువుకున్నదాన్ని, కాలేజీలో పిల్లలకి జీవశాస్త్రం చెప్పినదాన్ని, ఆ కొంగుని చూస్తూ ఎంత హాయిగా ఉందో అనుకున్నాను.

ఆదివారం వచ్చేసరికి రోడ్డు రోడ్డంతా నన్ను చూడ్డానికొచ్చింది. ఇక్కడ అది తప్పనిసరి. ఒంట్లో బాగాలేదని తెలిసి రాకపోతే పెళ్లికి పిలిచినా రాలేదన్నంత కోపాలు వస్తాయి. వచ్చినవాళ్లు చెంప మీద ముద్దు పెట్టి పలకరిస్తారు. ఎదురింటి పుష్పా ఆంటీ అందరికన్నా ముందు, అందరికన్నా గట్టి గొంతుతో వచ్చింది. నెయ్యి కారుతున్న సోజీ, అంటే మన రవ్వకేసరి, గిన్నెతో తెచ్చి పక్కన పెట్టి, నా మొహం రెండు చేతుల్లోకీ తీసుకుని "అయ్యో, పిల్ల కర్రలాగ అయిపోయింది" అంది. అక్కడినుంచి అందరూ టీకి అవ్వ వంటింట్లోకి వెళ్లారు. నాకోసం ఇంతమందా అని మురిసిపోయాను. ఊరుగాని ఊళ్లో అలాంటి మురిపెం మందుకన్నా బాగా పనిచేస్తుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

జూన్ చివర జ్వరం మళ్లీ తిరగబెట్టింది. ఊపిరి తీస్తే కుడిపక్క కత్తి దిగినట్టు నొప్పి. మురళి డ్యూటీలో ఉన్నాడు. సావిత్రి సెలవు పెట్టి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆ ఆసుపత్రి ఒకప్పుడు ఇండియన్లకి మాత్రమేనట. ఇప్పుడు ఎవరైనా రావచ్చు, ఎక్కడైనా కూర్చోవచ్చు. ఇదివరకు ఇటు వచ్చే వీలు లేనివాళ్లందరూ ఇప్పుడు వస్తున్నారు కాబట్టి బల్లల మీద ఒకళ్లనొకళ్లు ఒరుసుకుని కూర్చున్నారు. నా పక్కన ఒక జులు తెగ అమ్మాయి, వీపున దుప్పట్లో పసిబిడ్డ. బిడ్డ మొహం సరిగ్గా నా నోటికి జానెడు దూరంలో ఉంది.

నాకు దగ్గు తన్నుకొస్తోంది. ఈ పసిదానికి అంటుతుందేమోనని లేచి బల్ల ఆ చివరకి వెళ్లి నిలబడ్డాను. ఆ అమ్మాయి నావైపు ఒకసారి చూసి, మొహం తిప్పేసుకుంది. అటుగా వెళ్తున్న నర్సు ఆగి, మెల్లగానే, కానీ అందరికీ వినబడేలా ఇంగ్లీషులో అంది: "ఆ రోజులు అయిపోయాయమ్మా. ఇప్పుడందరూ ఒకే బల్ల మీద కూర్చోవచ్చు."

నేను అందుకు లేవలేదని ఎలా చెప్పను? ఆ పిల్ల భాష నాకు రాదు. వచ్చినా, దూరం జరిగినవాళ్లందరూ ఏదో ఒక మంచి కారణం చెప్పే ఉంటారు కదా ఈ దేశంలో. సిగ్గుతో చచ్చిపోయి తిరిగొచ్చి అక్కడే కూర్చున్నాను. కొంగు నోట్లో కుక్కుకుని, దగ్గు మింగుతూ రెండు గంటలు ఆ బిడ్డ పక్కన కూర్చున్నాను. ఆ బిడ్డకి తర్వాత జ్వరం వచ్చిందో లేదో నాకు తెలియదు. 

ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని చెప్పి డాక్టరమ్మ మందులిచ్చింది. "వారం రోజులు మనుషులకి దూరంగా ఉండు, ముఖ్యంగా ముసలివాళ్లకి" అంది. ఇంటికొచ్చి గేటు తీస్తుంటే లోపల్నుంచి అవ్వ దగ్గు వినబడింది. సావిత్రీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

నేను కోలుకున్నకొద్దీ అవ్వ ఆరోగ్యం దిగజారింది. జూలై మొదటివారంలో, సావిత్రి బతిమాలితే, ఆ డాక్టరమ్మే ఇంటికొచ్చి చూసి, మాత్రలు రాసి, పంపు రోజుకి నాలుగుసార్లు తప్పకూడదని చెప్పింది. వెళ్లేముందు వరండాలో మమ్మల్నిద్దర్నీ నిలబెట్టి, "ఈ ఒక్క జబ్బునే ఈవిడ గుండె కష్టంగా మోస్తోంది. ఇంకెవరి జలుబైనా దీనిమీద తగిలితే నేను మాటివ్వలేను" అంది. ఆ ఆదివారమే అవ్వని చూడ్డానికి జనం మొదలయ్యారు. పుష్పా ఆంటీ మనవళ్లిద్దరూ ముక్కులు కారుకుంటూ వచ్చి అవ్వ మంచమెక్కారు. నేను సావిత్రిని వరండాలోకి లాక్కెళ్లాను.

"ఎవర్నీ రావద్దని చెప్పు సావిత్రీ" అన్నాను.

"అయికోనా, మా." సావిత్రి వద్దనాలంటే ఆ మాటే అంటుంది. "మేము గేటు మూసింది అని రోడ్డు మొత్తం చెప్తుంది. మమ్మీ చచ్చిపోతే కూడా ఎవ్వరూ రాదు."

పోనీ నేను చెబుదామా అంటే, ఆసుపత్రి బల్ల మీది ఆ అమ్మాయి చూపు గుర్తొచ్చి నోరు పెగల్లేదు. దగ్గరకి రావద్దు అనే మాట ఈ నేల మీద ఎంతమంది ఎంతమందితో అన్నారో, అది ఇంకొకసారి నా నోటితో అనాలనిపించలేదు. మాట లేకుండా ఆ పని జరిగే దారి వెతికాను. అప్పుడు తణుకులో మా ఇల్లు గుర్తొచ్చింది. నాకు ఏడేళ్లప్పుడు అమ్మవారు పోసింది. మా నాయనమ్మ గుమ్మానికి వేపమండ గుచ్చింది. పది రోజులు పాలవాడు కూడా గడప తొక్కలేదు. ఒక్కళ్లూ నొచ్చుకోలేదు సరికదా, వీధిలోంచే దణ్ణం పెట్టుకుని వెళ్లేవాళ్లు. ఎవర్నీ నొప్పించకుండా అందర్నీ ఆపే ఉపాయం దొరికిందని పొంగిపోయాను. నా తెలివికి నేనే మురిసిపోయాననుకోండి.

మంగళవారం పొద్దున్న సావిత్రి పనికి వెళ్లాక, పెరట్లో అవ్వ మామగారు నాటిన వేపచెట్టు నుంచి రెండు మండలు విరిచి గేటుకి కట్టాను. గంటలో పుష్పా ఆంటీ వచ్చి గేటు బయట ఆగింది. చెప్పులు విప్పేసింది. అంత చలిలో వట్టి కాళ్లతో నిలబడి, వరండాలో ఉన్న నన్ను అడిగింది, మొదటిసారి గొంతు తగ్గించి: "అమ్మోరా?"

నేను తలూపాను. నేను ఆడిన అబద్ధమల్లా అదే, మాట కూడా కాదు. ఆంటీ వెళ్లి ఒక చెంబుతో పసుపునీళ్లు, దీపం తెచ్చి గేటు దగ్గర పెట్టి, లెంపలేసుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికి గేటు ముందు నాలుగు దీపాలున్నాయి, మనిషి లేడు.

పనినుంచి వచ్చిన సావిత్రి వాటిని చూసి గాభరాగా లోపలికొచ్చింది. "నువ్వు ఏమి చేసింది, మా?" చెప్పాను. నెత్తి కొట్టుకుంది. కానీ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం, అవ్వ ఒత్తిగిలి నిద్రపోవడం చూసి, ఆమె కోపం కూడా చల్లారింది. "రెండు రోజులు ఉండని. మమ్మీకి ఆకు గురించి చెప్పొద్దు" అంది. ఇద్దరం దొంగలమయ్యాం.

బుధవారం అవ్వ రెండుసార్లు అడిగింది, "ఎవులూ రానేదేటే?" అని. చలిగా ఉంది కదా అన్నాను. దగ్గు కాస్త తగ్గినట్టే అనిపించింది. నేను డాక్టర్ని మించిపోయాననుకుంటూ వంట చేసుకోవడానికి మా గదుల్లోకి వెళ్లాను.

గురువారం పొద్దున్న వచ్చి చూస్తే అవ్వ మంచం మీద ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి కూర్చుని ఉంది. ప్రతి ఊపిరికీ మెడ కింద గుంట లోపలికి పోతోంది. పెదాలు నల్లబడ్డాయి. పంపు అందిస్తే పళ్లు బిగించింది. తలగడ సర్దబోతే దానికింద నిన్న మధ్యాహ్నం నుంచీ ఇచ్చిన మాత్రలు దొరికాయి, ఒక్కటీ మింగలేదు.

"అవ్వా, ఏంటిది?"

"అమ్మోరు ఇంట్లో ఉంటే మందు తాగుతారేటే?" ఒక్కొక్క మాటకీ ఆగుతోంది. "నిన్న మజ్జాన్నం పుష్ప పోన్లో సెప్పింది. గేటుకి మండ కట్టినారంట గదా. నాకు సెప్పనేదు మీరు. బయపడతానని."

మనుషుల్ని ఆపానుగానీ ఫోన్‌ని ఆపలేదు. "అవ్వా, నీ ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. ఇది ఉత్త జలుబు!"

"లోపల పోసింది. బయటికి రానేదు. అదే సెడ్డది." కళ్లు మూసుకుంది. "మాయమ్మకి ఒచ్చినప్పుడు ఏ మందూ ఎయ్యలేదు. నాకూ ఎయ్యలేదు. మందేస్తే తల్లికి కోపమొస్తాది. పిల్లల మీదకి పోతాది."

చిన్నప్పుడు మా నాయనమ్మా అంతే. అమ్మవారు దిగి, నీళ్లు పోసేదాకా మందు బిళ్ల ఇంట్లోకి రానివ్వలేదు. ఆ సంగతి నాకు తెలుసు. మండ గుర్తుపెట్టుకుని, దాని వెంట వచ్చేదాన్ని మరిచిపోయాను. ఎంత బుద్ధితక్కువదాన్నో చూడండి.

"నేనే కట్టానవ్వా. అమ్మోరు రాలేదు. జనాన్ని ఆపడానికి నేనే అబద్ధమాడాను."

అవ్వ కళ్లు తెరిచి, అంత అవస్థలోనూ నన్ను చూసి నవ్వింది. "మందు తాగించడానికి ఇప్పుడు ఆడతన్నావు అబద్దం" అంది.

ఇంకేం చెప్పినా నమ్మదు. ఆవిడ నమ్మే మనిషి ఒక్కతే ఉంది. రోడ్డు దాటి పరిగెత్తాను. పుష్పా ఆంటీ వంటింట్లో ఉంది. మూడు రోజులుగా ఆ ఇంట్లో మాంసం లేదు, గుమ్మానికి పసుపు రాసుంది, మనవళ్లని బడి మాన్పించింది. ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"అమ్మోరు పేరు పెట్టి?"

"అవునాంటీ."

"'పుష్పా, నువ్వు రావద్దు, అక్కకి ఒళ్లు బాగాలేదు' అని చెప్తే నేను అర్థం చేసుకోదా? నేను మనిషి కాదా?"

ఆంటీ స్టవ్ ఆపి నాకన్నా ముందు రోడ్డు దాటింది. ఇంట్లోకి మాత్రం రాలేదు. పక్క సందులోకి వెళ్లి అవ్వ కిటికీ దగ్గర నిలబడి, రోడ్డంతా వినబడే తన మామూలు గొంతుతో చెప్పింది.

"అక్కా! అమ్మోరు రాలేదు. ఈ పిల్ల అబద్ధం చెప్పింది. నీ పంపు తీసుకో."

అవ్వ కిటికీ వైపు చూసింది. తర్వాత నావైపు చూసింది. "నువ్వేనా?" అంది. నేనే అన్నాను. ఆ చూపు గురించి రాయను. మెల్లగా నోరు తెరిచింది. పంపు పెట్టి నొక్కాను. ఆగి, మళ్లీ నొక్కాను. వెనక్కి తిరిగి చూసేసరికి కిటికీ దగ్గర ఎవరూ లేరు, గేటుకి మండలూ లేవు.

ఆ మధ్యాహ్నమే అవ్వని ఆసుపత్రిలో చేర్చారు. ఐదు రోజులుంచుకుని పంపించారు. ఆ ఐదు రోజులూ నేను అన్నం ముందు కూర్చుని లేవడమే తప్ప తిన్నది లేదు. మురళి నన్ను ఓదార్చాడా తిట్టాడా అంటే, రెండూ చేశాడు.

అవ్వ ఇంటికొచ్చింది. ఆవిడ బతికింది, అది చాలు అనుకున్నాను. కానీ ఆగస్టు వచ్చినా ఒక్కళ్లూ గేటు తియ్యలేదు. ఇప్పుడు మండ లేదు, కోపం ఉంది. నేను ఇంటింటికీ తిరిగి క్షమించమన్నాను. మర్యాదగా విన్నారు, టీ ఇచ్చారు, రాలేదు. ఈలోపు మా వెనక రోడ్డులో జ్వరాలు ఇల్లిల్లూ తిరిగాయి, ఇద్దరు ముసలివాళ్లు ఆసుపత్రిపాలయ్యారు. మా రోడ్డులో అంత లేదు. రోడ్డంతా చేరే అవ్వ వంటింటికి ఎవరూ రాకపోవడం వల్లేనా? లేక చలి తగ్గే రోజులొచ్చాయా? డాక్టరమ్మని అడిగితే, "కావచ్చు, కాకపోవచ్చు" అంది. రెండు రోజుల నా అబద్ధం ఏ మేలూ చెయ్యలేదుగానీ, వాళ్ల నెల రోజుల అలక అవ్వని కాపాడిందేమో. మరి అలా కాపాడబడిన అవ్వ అన్నం సగం వదిలేస్తోంది. రోజంతా కిటికీ దగ్గరే. ఒకరోజు, "ఆసుపత్రిలోనే బాగుంది, పక్క మంచమామె మాటాడేది" అంది. సావిత్రి వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

మొన్న మధ్యాహ్నం పుష్పా ఆంటీ వచ్చింది. చేతిలో మూతపెట్టిన గిన్నె. గేటు దగ్గర నన్ను చూసి, "నీకోసం రాలేదు" అంది. అని తుమ్మింది. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది.

నా చెయ్యి గేటు గడి మీదే ఉండిపోయింది. లోపల నెల రోజులుగా ఎవరి కోసమో చూస్తున్న ముసలామె ఉంది, ఆవిడకి ఇంకో జలుబు తగిలితే తట్టుకునే గుండె లేదు. ఈసారి నోరు విప్పాను. "ఆంటీ, మీకు జలుబు చేసింది. లోపలికి రావద్దు. అవ్వకి అంటుకుంటే బతకదు." తిట్టి వెళ్లిపోతుందనుకున్నాను.

ఆంటీ నన్ను తేరిపార చూసింది. "ఇప్పుడు చెప్పడం వచ్చింది నీకు" అంది. "కుర్చీ తీసుకురా."

సందులో, కిటికీకి నాలుగడుగుల దూరంలో కుర్చీ వేశాను. అవ్వ లోపల మంచం మీద, ఆంటీ బయట ఎండలో. ముందు ఒక నెల కబుర్లు అరిచి అరిచి చెప్పుకున్నారు. ఎవరి కోడలు వెళ్లిపోయింది, ఎవరి కొడుక్కి ఉద్యోగమొచ్చింది. అవ్వ నవ్వుతుంటే మధ్యలో ఆయాసం వచ్చి పంపు పీల్చుకుని మళ్లీ నవ్వింది. నేను వరండాలోంచి కాపలా కాస్తూనే ఉన్నాను. కుర్చీ కొంచెం కొంచెంగా ముందుకి జరగడం చూశాను. కాసేపటికి అవ్వ కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టింది. ఆంటీ పట్టుకుంది.

వెళ్లి విడదీయాలి. డాక్టరమ్మ చెప్పిందీ అదే, నేను చదువుకున్నదీ అదే. నాకు చేతులు రాలేదు. వంటింట్లోకి వెళ్లి టీకి నీళ్లు పెట్టి, అక్కడినుంచే కేకేశాను, అయ్యాక ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కోండి అని.